కార్ల పొగ తగ్గాలంటే పన్ను షోరూమ్‌లో కాదు, రోడ్డు మీద పడాలి

ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో కార్లు ఏటికేడాది పెరుగుతున్నాయి. ఎలక్ట్రిక్ కార్లకు పన్ను మాఫీ చేస్తే చాలా, ఢిల్లీలా సరి-బేసి (నంబరు చివరి అంకెను బట్టి రోజు మార్చి రోజు కార్లను తిరగనివ్వడం) పెట్టాలా, లండన్‌లా ఊరి నడిబొడ్డుకు వచ్చే కారుకు రుసుము వేయాలా? ప్రభుత్వం ముందు ఏది చేయాలి?

ముందే తేల్చి చెబుతాను. మాఫీ ఒక్కటే చాలదు. సరి-బేసి దండగ. లండన్ తరహా రుసుము మంచిదే కానీ హైదరాబాద్‌కు అది మూడో మెట్టు. మొదటి రెండు మెట్లు బస్సు, ఆఫీసు పార్కింగ్. ఎందుకంటారా, కింద లెక్కలున్నాయి.

కార్ల నుంచి గాలిలోకి పోయేది మూడు అంకెల గుణకారం: ఎన్ని కార్లున్నాయి, ఒక్కో కారు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, కిలోమీటరుకు ఎంత పొగ వదులుతుంది. మూడో అంకె మీద మన దేశం బాగానే పనిచేసింది. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4 (భారత్ స్టేజ్ పొగ ప్రమాణాల్లో నాలుగో మెట్టు) వచ్చింది. ఐదో మెట్టు ఎక్కకుండానే 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6కు దూకాం. డీజిల్ కారుకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కి.మీ.కు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి పడింది, సూక్ష్మధూళి 25 నుంచి 4.5కి పడింది. ఇంధనంలో గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి తగ్గించారు. ఈ చివరిదే అసలు పని. గంధకం ఎక్కువున్న డీజిల్ పోస్తే పొగను శుద్ధి చేసే ఫిల్టరైనా, కెటలిస్టయినా ఎంత ఖరీదైనదైనా త్వరగా పాడవుతుంది. రిఫైనరీలు ముందు కదిలాయి కాబట్టే ఇంజన్లు మారగలిగాయి. 2023 ఏప్రిల్ నుంచి ల్యాబ్‌లోనే కాక రోడ్డు మీద తిప్పి కూడా పరీక్షిస్తున్నారు. ల్యాబ్ పరీక్షలో మాత్రమే పొగ తగ్గించి చూపిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసం 2015లో బయటపడ్డాక ల్యాబ్ అంకెల్ని ఎవరూ పూర్తిగా నమ్మడం లేదు.

మొదటి రెండు అంకెల దగ్గరే మన విధానం చేతులెత్తేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్‌లో 1200 సీసీ లోపు, డీజిల్‌లో 1500 సీసీ లోపు ఇంజన్ ఉన్న చిన్న కార్ల మీద 28 శాతం, పైన సెస్సు పోయి 18 శాతం అయింది. పెద్ద కార్లు, ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉండేది 40కి వచ్చింది. సామాన్యుడికి ఊరటే, కాదనను. కానీ కారు కొనడం చౌక అయిన ఏడాదే దాన్ని తిప్పడం మీద కొత్త భారమేదీ రాలేదు. రాష్ట్రం తీసుకునే లైఫ్ ట్యాక్సూ కారు ధర మీదే. ఏడాదికి 3,000 కి.మీ. తిరిగే రిటైర్డు మాస్టారు, 25,000 కి.మీ. తిరిగే ఉద్యోగి ఒకే మోడల్ కొంటే ఇద్దరూ కట్టేది ఒకటే. పైగా ఒకసారి కట్టేశాక ప్రతి అదనపు కిలోమీటరూ చౌకగా కనిపిస్తుంది. ఇంత పోసి కొన్నాం, బస్సెందుకు ఎక్కాలి అనిపిస్తుంది.

సింగపూర్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 1990 నుంచి కారు కొనాలంటే పదేళ్ల హక్కుపత్రాన్ని వేలంలో పాడుకోవాలి. ఆ పత్రం ధర 2023లో లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. 2018 ఫిబ్రవరి నుంచి కార్ల సంఖ్యలో పెరుగుదలను సున్నాకు కట్టేశారు. మొదటి అంకె అదుపులోకి వచ్చింది. కానీ అంత పోసి కొన్నవాడు కారును ఇంట్లో పెట్టుకోడు, గట్టిగా తిప్పుతాడు. అందుకే వాళ్లకు 1975 నాటి నగర ప్రవేశ రుసుము, 1998 నుంచి ఎలక్ట్రానిక్ రుసుము కూడా అవసరమయ్యాయి. మన దగ్గర వేలం పెడదామని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అంటుంటారు. పక్క జిల్లాలోనో పక్క రాష్ట్రంలోనో రిజిస్టర్ చేసుకుని తెచ్చుకునే వీలున్నంత కాలం అది ఒక్క ఊరికి పనిచేయదు. సింగపూర్‌కు అన్ని వైపులా సముద్రం ఉంది, మనకు శంషాబాద్ ఉంది.

ఒక్క కాలుష్యాన్నే చూసి పన్ను వేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. బ్రిటన్ 2001లో కార్ల వార్షిక పన్నును కార్బన్ డయాక్సైడ్ లెక్కకు మార్చింది. డీజిల్ ఆ లెక్కలో తక్కువ కాబట్టి జనం డీజిల్ వైపు మళ్లారు, ఊళ్లలో నైట్రోజన్ డయాక్సైడ్ సమస్య ముదిరింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. మన దగ్గర అదే పని ధరల తేడా చేసింది. పెట్రోల్ ధరను 2010 జూన్‌లో మార్కెట్‌కు వదిలేశారు, డీజిల్‌ను 2014 అక్టోబరు దాకా పట్టి ఉంచారు. రైతు కోసం, లారీ కోసం అని పెట్టిన రాయితీని కార్లు తాగేశాయి. ఆ కాలంలో అమ్ముడైన కార్లలో దాదాపు సగం డీజిల్‌వే.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్ల సంగతి. తెలంగాణ 2020 విధానంలో మాఫీకి సంఖ్యా పరిమితి ఉండేది, ప్రైవేటు కార్లలో మొదటి 5,000కే. 2024 నవంబరులో వచ్చిన 41వ జీఓ ఆ పరిమితి తీసేసి, 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం మాఫీ చేసింది. అంటే 15 లక్షల కారుకు రాష్ట్రం వదులుకునేది రెండున్నర లక్షల దాకా ఉంటుంది. ఇలాంటి 50-60 కార్లకు వదులుకున్న సొమ్ముతో పెద్ద ఎలక్ట్రిక్ బస్సు ఒకటి వస్తుంది.

బదులుగా ఏం దక్కుతుంది? ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే కారైతే కి.మీ.కు 153 గ్రాములు, 20 ఇస్తే 115. ముడిచమురు తీసి శుద్ధి చేసేటప్పుడు వచ్చేదానికి ఇంకో ఐదో వంతు కలుపుకోండి. ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ నష్టంతో సహా 100 కి.మీ.కు 15 యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోల చొప్పున కి.మీ.కు 105 గ్రాములు. బరువైన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ 20 యూనిట్లు తాగితే 140. కాబట్టి 153 గ్రాముల పెట్రోల్ కారు స్థానంలో చిన్న ఎలక్ట్రిక్ కారు వస్తే లాభమే. చిన్న కారు పోయి ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ వస్తే వాతావరణానికి ఒరిగేది అంతంతమాత్రం. గ్రిడ్ మారే కొద్దీ ఈ లెక్క మెరుగవుతుంది, అది నిజం. ఊళ్లో పొగగొట్టం లేకపోవడం ఎలాగూ లాభమే. అయినా టైరు అరుగుదల, రోడ్డు దుమ్ము ఎలక్ట్రిక్ కారుకూ ఉంటాయి. బ్రేకుల ధూళికి యూరప్ తన యూరో-7 ప్రమాణంలో మొదటిసారి పరిమితి పెట్టింది అందుకే. ఇక ట్రాఫిక్‌లో ఎలక్ట్రిక్ కారు కూడా పెట్రోల్ కారంత జాగానే ఆక్రమిస్తుంది.

నార్వేను చూడండి అంటారు. అక్కడ 2024లో అమ్మిన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. దాని వెనక ఉన్నది మాఫీ ఒక్కటే కాదు. పెట్రోల్ కారు మీద బరువును, పొగను బట్టి భారీ కొనుగోలు పన్ను వేసి ఎలక్ట్రిక్‌ను దానికంటే చౌక చేశారు. మనం మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాం. నార్వే ఎలక్ట్రిక్ కార్లను బస్సుల లేన్లలోకి కూడా రానిచ్చింది. బస్సులు ఇరుక్కుపోవడంతో 2015లో ఓస్లోకు వెళ్లే ప్రధాన రహదారి మీద రద్దీ వేళల్లో కారులో ఇంకొకరు ఉంటేనే అని ఆంక్ష పెట్టాల్సివచ్చింది.

కాబట్టి మాఫీ ఇవ్వదలిస్తే ఎక్కువ తిరిగే బండికి ఇవ్వాలి. ట్యాక్సీ ఏడాదికి 60,000 కి.మీ., సొంత కారు 10,000 అనుకుంటే, అదే రూపాయికి ట్యాక్సీ దగ్గర ఆరు రెట్లు ఫలితం. ఆటో, డెలివరీ బండి, సిటీ బస్సు కూడా ఇదే వరుసలో వస్తాయి. కేంద్రం ఈ విషయంలో దారికొచ్చింది. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత ఎలక్ట్రిక్ కార్లకు సబ్సిడీ లేదు, బస్సులకు ఉంది. అందులో హైదరాబాద్ వాటా 2,000 బస్సులు.

పాత బండ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఇక్కడ జరిగే పొరపాట్లు చాలా. పీయూసీ (కాలుష్య తనిఖీ) సర్టిఫికెట్ అంటే పొగ బాగుందని కాదు. పెట్రోల్ కారును నిలబెట్టి ఇంజన్ నడుస్తుండగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. బీఎస్-4, ఆ తర్వాతి వాటికి పరిమితి వరుసగా 0.3 శాతం, 200 పీపీఎం. నైట్రోజన్ ఆక్సైడ్లను ఎవరూ కొలవరు. అవి ఇంజన్ మీద బరువు పడినప్పుడే ఎక్కువ వస్తాయి, నిలబెట్టిన బండిలో కనిపించవు. డీజిల్‌కు యాక్సిలరేటర్ తొక్కి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగే డీజిల్ కారులో మసిని పట్టే ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేంత వేడెక్కదు, మసితో నిండిపోతుంది, డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. కొత్త ఫిల్టర్ ఖరీదు విని కొందరు గ్యారేజీలో దాన్ని పీకించేస్తారు. అలాంటి కారు కూడా ఈ పరీక్ష దాటిపోగలదు, ఎందుకంటే చిక్కటి నల్ల పొగను పట్టే యంత్రానికి అతి సన్నని కణాలు ఆనవు. బెల్జియం 2022లో, నెదర్లాండ్స్, జర్మనీ 2023లో కణాల సంఖ్యను లెక్కపెట్టే పరికరాన్ని వార్షిక తనిఖీలోకి తెచ్చాయి. ఫిల్టర్ పీకిన కారు అక్కడ నిమిషంలో దొరుకుతుంది. రాష్ట్రం చేయగలిగిన చౌకైన పని ఇదే: ముందు ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చే కమర్షియల్ డీజిల్ బండ్లకు ఈ పరికరం పెట్టాలి, తర్వాత కార్లకు. 2019 చట్ట సవరణలో 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. కొలిచేది తప్పు వస్తువైతే జరిమానా పెంచి లాభం లేదు.

వయసును బట్టి నిషేధించడం ఇంకో పొరపాటు. ఢిల్లీలో పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్లకు బంకుల్లో ఇంధనం పోయకూడదని 2025 జులై 1న మొదలుపెట్టి కొద్ది రోజుల్లోనే ఆపేశారు. కెమెరాల లోపాలు ఒక కారణం, జనాగ్రహం ఇంకో కారణం. సరైన పద్ధతి లండన్‌ది. అక్కడ వయసు అడగరు, ప్రమాణం అడుగుతారు. పెట్రోల్ అయితే యూరో-4, డీజిల్ అయితే యూరో-6. దాని కంటే తక్కువైతే రోజుకు 12.50 పౌండ్లు. 2019లో నడిబొడ్డున మొదలై, 2021లో విస్తరించి, 2023 ఆగస్టు 29కి ఊరంతా వచ్చింది. మధ్యలో ప్రతిసారీ గడువు ఇచ్చారు, పాత బండి తుక్కుకు ఇచ్చినవారికి డబ్బిచ్చారు. మన తుక్కు విధానంలోనూ కొత్త బండి కొన్నవారికి రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం దాకా రాయితీ ఉంది. కానీ అది కొత్త కారు కొంటేనే. పాతది ఇచ్చేసి బస్ పాస్ తీసుకుంటానంటే ఏమీ లేదు. అలాంటివారికి తుక్కు విలువతో పాటు ఏడాది మెట్రో, బస్సు పాస్ ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.

సరి-బేసి మీద ఒక్క పేరా చాలు. ఢిల్లీలో 2016 జనవరిలో, ఏప్రిల్‌లో, 2019 నవంబరులో పెట్టారు. టూవీలర్లకు మినహాయింపు, ఒంటరిగా నడిపే మహిళలకు మినహాయింపు, 2016లో సీఎన్‌జీకి మినహాయింపు. మిగిలిన కార్లలో సగం ఆగితే మొత్తం కాలుష్యంలో తగ్గేది అంతంతమాత్రమే. పక్షం రోజులకే కాబట్టి జనం ఎలాగో సర్దుకున్నారు. శాశ్వతంగా పెడితే ఏమవుతుందో మెక్సికో నగరం చూపింది. 1989లో అక్కడ నంబరు చివరి అంకెను బట్టి వారంలో ఒక రోజు కారు తీయకూడదన్నారు. జనం వేరే అంకెతో రెండో కారు కొన్నారు, అదీ పాతది. గాలి బాగుపడిన ఆధారాలు దొరకలేదు.

ఇక చేయాల్సిన వాటికి వద్దాం. మొదటిది బస్సు, అదీ వేగంగా నడిచే బస్సు. కొత్త బస్సులు కొనడం గురించే అందరూ మాట్లాడతారు, ఉన్న బస్సుల వేగం గురించి ఎవరూ మాట్లాడరు. 20 కి.మీ. రూటు, పది నిమిషాలకో బస్సు అనుకోండి. గంటకు 12 కి.మీ. వేగమైతే రానుపోను 200 నిమిషాలు, చివర్లలో ఆగడానికి 20. ఆ రూటుకు 22 బస్సులు కావాలి. వేగం 18కి పెరిగితే మొత్తం 153 నిమిషాలు, 16 బస్సులు చాలు. లేదా అదే 22 బస్సులతో ఏడు నిమిషాలకొకటి నడపొచ్చు. ఒక్క బస్సు కొనకుండా, ఒక్క డ్రైవర్‌ను తీసుకోకుండా.

ఆ వేగం రావాలంటే లేన్ కావాలి. సిగ్నళ్లున్న రోడ్డులో ఒక లేన్ గంటకు 700 కార్లను దాటిస్తుందనుకుంటే, కారుకు ఒకటిన్నర మంది లెక్కన వెయ్యి మంది. అదే లేన్‌లో 50 బస్సులు, బస్సుకు 40 మంది అంటే 2,000 మంది. లేన్ ఎక్కడ పనికొస్తుందో ఇందులోనే ఉంది: గంటకు 40-50 బస్సులు లేని రోడ్డులో వద్దు. విజయవాడ బీఆర్‌టీఎస్ (బస్సులకు వేరే లేన్లు వేసిన) రోడ్డు చూసినవారికి ఇది తెలుసు. లేన్ వేశారు, దాన్ని నింపేటన్ని బస్సులు రాలేదు. ఖాళీగా కనిపించే లేన్‌ను నాలుగు రోజులు కాపాడతారు, ఐదో రోజు ఆక్రమణ మొదలవుతుంది. ముందు బస్సులు, తర్వాత లేన్, వెంటనే బస్సు ముందు కట్టిన కెమెరాతో చలాన్లు. ఎలక్ట్రిక్ బస్సుల కాంట్రాక్టులో ఇంకో చిక్కుంది. ఆపరేటర్‌కు కి.మీ.కు ఇంతని ఆర్టీసీ చెల్లిస్తుంది, టికెట్ డబ్బు ఆర్టీసీది. చెల్లింపు ఆలస్యమైతే ఆపరేటర్ బస్సులు తేడు. దీనికోసమే కేంద్రం 2024లో 3,435 కోట్లతో చెల్లింపు భద్రతా నిధి పెట్టింది. రాష్ట్రం అందులో చేరడానికి రిజర్వ్ బ్యాంక్ ఖాతా నుంచి నేరుగా కోసుకునే అధికారం ఇవ్వాలి, చాలా రాష్ట్రాలు అక్కడే తటపటాయిస్తాయి.

మహిళలకు ఉచిత ప్రయాణం, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి, దాని సామాజిక ప్రయోజనం వేరే చర్చ. కార్లు తగ్గించే సాధనంగా దాన్ని చూడొద్దు. కారు దిగి వచ్చేవారికి కావలసింది ఉచితం కాదు. సీటు, చెప్పిన టైముకు బస్సు, దిగిన చోట నడవడానికి ఫుట్‌పాత్.

అయితే మంచి బస్సు ఒక్కటే కారును ఇంట్లో కూర్చోబెట్టదు. స్టాక్‌హోమ్ దీన్ని నిరూపించింది. 2005 ఆగస్టులో సుమారు 200 కొత్త బస్సులు తెచ్చారు. కార్లు పెద్దగా తగ్గలేదు. 2006 జనవరి 3న రుసుము మొదలుపెట్టారు, నడిబొడ్డుకు వచ్చే వాహనాలు దాదాపు 20 శాతం తగ్గాయి. జులై 31న ప్రయోగం ముగిసింది, బండ్లు చాలావరకు తిరిగొచ్చాయి.

అలాగని రేపే హైదరాబాద్ చుట్టూ గేట్లు పెట్టనక్కర్లేదు. అంతకంటే తేలికైన, మనకు బాగా సరిపోయే పని బ్రిటన్‌లో నాటింగ్‌హామ్ చేసింది. ఈ ప్రశ్నలో ఎవరూ దాని పేరెత్తలేదు కానీ నా దృష్టిలో హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతానికి అదే సరైన మందు. 2012 ఏప్రిల్ నుంచి, ఉద్యోగులకు 11 లేదా అంతకంటే ఎక్కువ పార్కింగ్ స్థలాలున్న ప్రతి సంస్థా ఒక్కో స్థలానికి ఏడాదికి ఇంతని కార్పొరేషన్‌కు కట్టాలి. మొదట్లో 288 పౌండ్లు. సంస్థ తానే భరించొచ్చు, ఉద్యోగుల దగ్గర తీసుకోవచ్చు. ఆ డబ్బు ట్రామ్ లైన్ల విస్తరణకు పోయింది, 2015లో అవి నడవడం మొదలైంది. కెమెరాలు లేవు, గేట్లు లేవు. సంస్థ లైసెన్సు తీసుకుని తన స్థలాల సంఖ్య చెబుతుంది, ఇన్‌స్పెక్టర్లు అప్పుడప్పుడూ వచ్చి లెక్కపెడతారు.

మన దగ్గర ఇది ఎందుకు పనిచేస్తుందంటే, ఐటీ ఆఫీసులో పార్కింగ్ ఉచితమనేది కంటికి కనిపించని పెద్ద రాయితీ. మన ప్రణాళికా ప్రమాణాల ప్రకారం కారు తిరిగే దారితో కలిపి బేస్‌మెంట్‌లో ఒక కారుకు 32 చదరపు మీటర్లు కావాలి, అంటే 344 చదరపు అడుగులు. అడుగుకు ఆఫీసు అద్దె 60 రూపాయలనుకుంటే, అంత జాగాలో మనుషులు కూర్చుంటే నెలకు 20,000 రూపాయల అద్దె. బేస్‌మెంట్‌కు అంత విలువ లేదు, సరే, నాలుగో వంతు వేసుకోండి. కారులో వచ్చే ఉద్యోగికి నెలకు 5,000 ఇస్తున్నట్టే, మెట్రోలో వచ్చేవారికి సున్నా. కాలిఫోర్నియాలో 1992 నుంచి ఒక చట్టం ఉంది. అద్దెకు తీసుకున్న పార్కింగ్‌ను ఉద్యోగికి ఉచితంగా ఇచ్చే పెద్ద సంస్థ, వద్దన్నవారికి ఆ విలువను నగదుగా ఇవ్వాలి. రెండూ కలిపి పెట్టొచ్చు.

నెలకు 1,500 రూపాయల చొప్పున లక్ష స్థలాలకు వేస్తే ఏడాదికి 180 కోట్లు. ఒక ఎలక్ట్రిక్ బస్సు రోజుకు 200 కి.మీ., కి.మీ.కు 60 రూపాయలు అనుకుంటే ఏడాదికి సుమారు 44 లక్షల ఖర్చు. టికెట్ ఆదాయం లెక్కలోకి తీసుకోకుండానే 400 పైచిలుకు బస్సులు నడుస్తాయి. ఇవి ఊహించి వేసిన అంకెలే, రేటు మారితే ఫలితం మారుతుంది. కానీ ఆ బస్సులు అదే ఆఫీసుల ముందు ఆగితే, రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాలకోసారి తిరిగితే, కట్టేవాడికి తన డబ్బు ఎటు పోతోందో కళ్లముందు ఉంటుంది. ఆఫీసు పార్కింగ్‌కు ఇంకో ఉపయోగముంది. మధ్యాహ్నం సౌర విద్యుత్తు మిగిలే వేళ ఎలక్ట్రిక్ కార్లు అక్కడే ఆగి ఉంటాయి. ఛార్జర్ ఉన్న పార్కింగ్ గడికి రుసుములో కొంత తగ్గిస్తే, రాత్రి ఇంటి దగ్గర బొగ్గు కరెంటుతో ఎక్కించుకునేది తగ్గుతుంది. పూర్తి మినహాయింపు మాత్రం ఇవ్వొద్దు.

ఎక్కడ చెడుతుంది? మొదటిది, కార్లు ఆఫీసు వదిలి పక్క కాలనీల్లోకి పోతాయి. మాధాపూర్, కొండాపూర్ కాలనీల్లో ముందే నివాసితుల పర్మిట్లు, తక్కినవారికి గంటల లెక్క పార్కింగ్ పెట్టకుండా ఇది మొదలుపెడితే మొదటి వారంలోనే గొడవ. రెండోది, పక్కనున్న ఖాళీ ప్లాట్లను ప్రైవేటు పార్కింగ్ చేస్తారు, వాటినీ రుసుము కిందికి తేవాలి. మూడోది, మన సొంత నియమాలే అడ్డం. భవన నియమాలు కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్ ఉండి తీరాలంటాయి. ఒక చేత్తో కట్టమని, ఇంకో చేత్తో పన్ను వేస్తే కోర్టులో నిలవడం కష్టం. మెట్రో స్టేషన్‌కు అర కిలోమీటరు లోపు ఆ కనీస నిబంధనను గరిష్ఠ నిబంధనగా మార్చాలి. 2018 నాటి 63వ జీఓ సంగతి కూడా చూడాలి. మాల్స్‌లో మొదటి అరగంట ఎవరికైనా ఉచితం, గంట దాకా ఏదో ఒక బిల్లు చూపితే ఉచితం, ఆపైన బిల్లు పార్కింగ్ రుసుము కంటే ఎక్కువుంటే ఉచితం. వినియోగదారుణ్ని దోపిడీ నుంచి కాపాడదామని తెచ్చారు. ఫలితంగా సినిమాకు, షాపింగుకు కారులో రావడమే లాభసాటి.

వీధి పార్కింగ్ ధర ఎంత పెట్టాలని ఎవరైనా అడిగితే ఒకే కొలత: ప్రతి ఏడు గళ్లలో ఒకటి ఖాళీగా ఉండేటంత. ఎప్పుడూ నిండి ఉంటే ధర తక్కువ, సగం ఖాళీ ఉంటే ఎక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కో 2011లో సెన్సర్లు పెట్టి వీధివీధికీ, వేళను బట్టి ఇలా మార్చింది. మనకు సెన్సర్లు అక్కర్లేదు, మూణ్నెల్లకోసారి మనుషులతో లెక్కపెట్టిస్తే చాలు. కాంట్రాక్టర్‌కు ఏకమొత్తానికి వేలం వేయడం మాత్రం మానాలి. వాడికి ఎన్ని బండ్లు ఇరికిస్తే అంత లాభం, ఫుట్‌పాత్ మీద కూడా ఇరికిస్తాడు.

బస్సు, ఆఫీసు పార్కింగ్ రెండూ నడిచాక మూడో మెట్టు, రద్దీ రుసుము. హైదరాబాద్‌కు ఒకే నడిబొడ్డు లేదు కాబట్టి ఊరి చుట్టూ గీత గీయొద్దు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి చుట్టూ గీయొచ్చు, అక్కడికి వచ్చే దారులు తక్కువ. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి కాబట్టి కార్లకు ట్యాగ్ ఉంది. కారు ఆగకుండా చదవాలంటే రీడర్‌తో పాటు నంబరు ప్లేటు కెమెరా కూడా కావాలి. రెండూ కలవనప్పుడు మనిషి చూసి తేల్చాలి, లేకపోతే తప్పుడు చలాన్లతో పథకం పరువు పోతుంది. రేటు స్టాక్‌హోమ్‌లా వేళను బట్టి ఉండాలి. అక్కడ మొదట్లో 10, 15, 20 క్రోనార్లు, రోజుకు గరిష్ఠంగా 60. రోజంతా ఒకే రేటైతే రద్దీ వేళ నుంచి ఎవరూ పక్కకు జరగరు.

మినహాయింపులే దీన్ని చంపేస్తాయి. లండన్ 2003 ఫిబ్రవరి 17న 5 పౌండ్లతో మొదలుపెట్టినప్పుడు క్యాబ్‌లను వదిలేసింది. యాప్ క్యాబ్‌లు వచ్చి నిండిపోయాక 2019లో వాటినీ కలపాల్సివచ్చింది. ఎలక్ట్రిక్ కార్లకిచ్చిన పూర్తి మినహాయింపును 2025 డిసెంబరులో ఎత్తేసింది. స్టాక్‌హోమ్ కూడా ‘పర్యావరణ హిత’ కార్లకు ఇచ్చిన మినహాయింపును 2012 నాటికి పూర్తిగా తీసేసింది. కాబట్టి అంబులెన్స్, బస్సు, దివ్యాంగుల బండి, అంతే. ఎమ్మెల్యే స్టిక్కర్, ప్రెస్ స్టిక్కర్ మొదటి రోజే తిరస్కరించలేకపోతే అసలు మొదలుపెట్టొద్దు.

చట్టం సంగతి: రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో 49వ అంశం భూములు, భవనాల మీద పన్ను, 57 వాహనాల మీద పన్ను, 59 టోల్. ఆఫీసు పార్కింగ్ రుసుమును మొదటిదాని కింద, రద్దీ రుసుమును తర్వాతి రెండింటి కింద శాసనసభ తేవచ్చు. కార్పొరేషన్ తీర్మానం సరిపోదు. ఆ చట్టంలోనే డబ్బు వేరే ఖాతాలోకి, బస్సు, ఫుట్‌పాత్‌లకే అని రాయాలి. లండన్ మొదటి పదేళ్లకు అలాగే రాసుకుంది. ఖజానాలో కలిస్తే ఆ డబ్బు బస్సు దాకా రాదు. అమలుకు ఒకే యజమాని కావాలి. బస్సు ఆర్టీసీది, సిగ్నల్ పోలీసులది, రోడ్డు కార్పొరేషన్‌ది, మెట్రో ఇంకొకరిది. వీటిని కలపాల్సిన హుమ్టా (హైదరాబాద్ ఏకీకృత రవాణా సంస్థ) పేరుకే ఉంది.

చివరగా కొలత. ఇవన్నీ మొదలుపెట్టడానికి కనీసం ఏడాది ముందే కొలవడం మొదలుపెట్టాలి, లేకపోతే తగ్గిందో లేదో ఎప్పటికీ తేలదు. పీఎం 2.5ను (గాలిలోని అతి సన్నని ధూళిని) చూసి తీర్పు చెప్పొద్దు. అందులో రోడ్డు దుమ్ము, చెత్త మంటలు, పరిశ్రమలు అన్నీ ఉంటాయి, వాన పడితే దానంతటదే పడిపోతుంది. వాహనాల పొగకు దగ్గరి గుర్తు నైట్రోజన్ డయాక్సైడ్, అదీ రోడ్డు అంచున. రోడ్డు పక్కన ఒక స్టేషన్, రోడ్డుకు దూరంగా ఒక స్టేషన్ పెట్టి రెండింటి మధ్య తేడాను చూడాలి. వాతావరణం రెండింటి మీదా ఒకేలా పనిచేస్తుంది కాబట్టి మిగిలే తేడా చాలావరకు ట్రాఫిక్‌దే. నవంబరును నవంబరుతోనే పోల్చాలి, జులైతో కాదు. దానితో పాటు కారిడార్ల మీద వారానికోసారి వాహనాల లెక్క, బస్సు సగటు వేగం, ఆఫీసు గేట్ల దగ్గర కారుకు ఎంతమంది వస్తున్నారో లెక్క. ఇవి నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. పథకం మీద మొదటి కేసు హైకోర్టుకు వెళ్లే రోజుకు ప్రభుత్వ న్యాయవాది చేతిలో ఉండాల్సిన కాగితాలు ఇవే.